పాముకాటుకు ఎన్ని వయల్స్ ఎక్కించాలో ఎవరు నిర్ణయిస్తారు? జాతీయ చికిత్సా మార్గదర్శకాల తయారీపై ఒక సమాధానం

సార్వా చేలో కలుపు తీస్తుండగా మీ మేనమామగారిని రక్తపింజరి కాటేసిందని, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పది వయల్స్ (చిన్న మందు సీసాలు) యాంటీ స్నేక్ వీనమ్, అంటే ఏఎస్‌వీ అనే పాము విషపు విరుగుడు, ఎక్కించి పెద్దాసుపత్రికి పంపారని, అక్కడ మీరెంత బతిమాలినా వెంటనే మరో పది వయల్స్ ఎక్కించకుండా ఆరు గంటలు ఆగి రక్తపరీక్ష చేశాకే చూద్దామన్నారని రాశారు. 'జాతీయ మార్గదర్శకం ప్రకారమే చేస్తున్నాం' అన్న వైద్యుల మాట మీకు జవాబుగా తోచలేదు. ఆ మార్గదర్శకాన్ని ఎవరు రాస్తారు, రాసినవారు ఎప్పుడైనా గోదావరి లంకల్లో పాముకాటు చూశారా, మందుల కంపెనీల ప్రమేయం అందులో ఉంటుందా, ఒకసారి రాసినదాన్ని మళ్లీ ఎందుకు మారుస్తారు అన్నవి మీ ప్రశ్నలు. మేనమామగారు కోలుకున్నారని తెలిసి చాలా సంతోషించాను.

నేను డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ విభాగంలో చాలాకాలం పనిచేశాను. ఆ తర్వాత మార్గదర్శకాల కోసం వైద్య పరిశోధనలను వెతికి, వాటి బలాబలాలను తూచి, నిపుణుల బృందం ముందు పెట్టే పనిలో పాలుపంచుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక మార్గదర్శకాన్ని నమ్మవచ్చా లేదా అన్నది దాని అట్టమీద ఉన్న పెద్దల పేర్లను బట్టి తేలదు. వారు ఏ ప్రశ్న వేసుకున్నారు, దానికి ఏ ఆధారం దొరికింది, ఆ ఆధారం ఎంత గట్టిది, అక్కడినుంచి సిఫారసు దాకా ఏ తర్కంతో వచ్చారు అన్నది బయటివారు చదివి తెలుసుకోగలిగేలా రాసి ఉంటేనే అది నమ్మదగినది.

ముందుగా ఒక తికమక తీర్చాలి. ఆసుపత్రుల్లో గైడ్‌లైన్ అనే ఒకే మాటతో వేర్వేరు కాగితాలను పిలుస్తారు. ఒక జబ్బుకు ఏ చికిత్స, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అని కారణాలతో సహా చెప్పేది అసలు మార్గదర్శకం. దాని సారాన్ని గోడకు అంటించుకోవడానికి వీలుగా ఒకటి రెండు పేజీల పటంగా కుదించినది మరొకటి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2019 నుంచి వెలువరిస్తున్న స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు ఈ కోవలోవి. ఒకప్పుడు ఆరోగ్యశ్రీగా ఉండి ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఏ ప్యాకేజీకి ఎంత చెల్లిస్తారు, ఏ పరీక్షల రిపోర్టులు జతచేయాలి అని చెప్పే నిబంధనలు పూర్తిగా వేరే సంగతి. అవి డబ్బు చెల్లింపు నియమాలు మాత్రమే. వాటిని వైద్య మార్గదర్శకాలుగా భావించి రోగులు, ఒక్కోసారి వైద్యులు కూడా, వాదులాడుకోవడం చూశాను.

ఇంగ్లండులో 1999 నుంచి నైస్ అనే ఒక జాతీయ సంస్థ మార్గదర్శకాలు రాసే పనిని చేస్తోంది. మన దేశంలో ఇది పలువురి చేతుల్లో ఉంది. క్షయకు సెంట్రల్ టీబీ డివిజన్, బోదకాలు, మలేరియా, డెంగీలకు కీటక జనిత వ్యాధుల నియంత్రణ జాతీయ కేంద్రం, ఇలా కేంద్ర ఆరోగ్య శాఖలోని కార్యక్రమ విభాగాలు తమ తమ జబ్బులకు మార్గదర్శకాలు తయారుచేస్తాయి. ఐసీఎంఆర్ కొన్నింటిని, పిల్లల వైద్యులు, స్త్రీల వైద్యులు వంటి వృత్తి సంఘాలు మరికొన్నింటిని రాస్తాయి. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక టాస్క్‌ఫోర్స్‌ను నియమించి, నైస్ అంతర్జాతీయ విభాగం సలహాతో, ఈ పనికి ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచే ప్రయత్నం చేసింది. ఇన్ని చేతులు ఉండటం వల్లనే మన మార్గదర్శకాల నాణ్యతలో ఇంత తేడా ఉందని నా అభిప్రాయం. కొన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు ఏమాత్రం తీసిపోవు. కొన్ని మాత్రం పదిమంది పెద్దలు రెండు రోజులు సమావేశమై తమ అనుభవాన్ని రాసిపెట్టినట్టు ఉంటాయి.

పద్ధతి ప్రకారం జరిగే పని విషయాన్ని ఎంచుకోవడంతో మొదలవుతుంది. జబ్బు భారం ఎంత, వైద్యుల మధ్య చికిత్సలో తేడాలు ఎంత, మంచి చికిత్స అందితే ఎన్ని ప్రాణాలు నిలబడతాయి అన్నవి చూస్తారు. పాముకాటు ఈ మూడింటిలోనూ ముందుంటుంది. 2020లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని అంచనా వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. కాటుపడినవారిలో అత్యధికులు చేలల్లో పనిచేసే పల్లెటూరి వాళ్లే.

తర్వాత బృందం ఏర్పాటు. పాముకాటు బృందంలో జనరల్ ఫిజీషియన్‌తో పాటు, శ్వాస ఆగిపోయే కట్లపాము కాటులో వెంటిలేటర్ నడిపే మత్తు వైద్యులు, రక్తపింజరి కాటులో మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ చేసే నెఫ్రాలజిస్టు, పిల్లల వైద్యులు, నర్సు, ఆధారాలను తూచడం తెలిసిన పద్ధతి నిపుణులు ఉండాలి. వీరితో పాటు రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉండే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, కాటుపడి బతికిన రైతు లేదా కూలీ కూడా ఉండాలి. మన దేశపు బృందాల్లో ఈ చివరి ఇద్దరికీ చోటు దక్కడం అరుదు. లంకల్లో ఎవరైనా చూసుంటారా అన్న మీ సందేహంలో నిజం ఉన్నది ఇక్కడే. మామిడికుదురు దగ్గరో ముమ్మిడివరం దగ్గరో లంక గ్రామంలో రాత్రివేళ కాటుపడిన మనిషి వరద రోజుల్లో పడవ దాటి 108 దాకా చేరడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషి బృందంలో లేకపోతే, 'తక్షణం ఆసుపత్రికి తరలించండి' అన్న వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు.

కంపెనీల ప్రమేయం గురించి అడగడం న్యాయమే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం బృందంలోని ప్రతి సభ్యుడూ కంపెనీల నుంచి పొందిన రుసుములు, పరిశోధన నిధులు, వాటాలు వంటివి ముందే రాతపూర్వకంగా వెల్లడించాలి. అధ్యక్షుడికి అటువంటి సంబంధం ఉండకూడదు. ఉన్న సభ్యులు మైనారిటీగానే ఉండాలి. డబ్బుతో ముడిపడని ప్రయోజన వైరుధ్యాలు కూడా ఉంటాయి. ఒక చికిత్సను తన జీవితమంతా సమర్థించిన ప్రొఫెసరు దానిమీద నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేకపోవచ్చు. అందుకే అటువంటి సభ్యుడు తన విషయం చర్చకు వచ్చినప్పుడు సమాచారం ఇచ్చి, ఓటింగు నుంచి తప్పుకోవడం పద్ధతి. ఏ మార్గదర్శకంలోనైనా ఈ వెల్లడింపుల పేజీ కనబడకపోతే నేను దాన్ని అనుమానంతోనే చదువుతాను.

బృందం కూర్చున్నాక మొదటి పని ప్రశ్నలను సరిగ్గా రాసుకోవడం. 'పాముకాటుకు చికిత్స ఏమిటి' అన్నది వెతకడానికి పనికొచ్చే ప్రశ్న కాదు. 'రక్తం గడ్డకట్టని స్థితిలో వచ్చిన రక్తపింజరి బాధితుల్లో, ఎక్కువ మోతాదు విరుగుడుతో పోలిస్తే తక్కువ మోతాదు ఇచ్చినప్పుడు, మరణాలు, మూత్రపిండాల వైఫల్యం, మందు రియాక్షన్లు ఎలా ఉంటాయి' అని రోగులు, చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం అనే నాలుగు భాగాలుగా అడగాలి. ఏ ఫలితాలు ప్రాణావసరమో కూడా ఆధారాలు చూడకముందే నిర్ణయించుకోవాలి. ఎందుకంటే పరీక్ష రిపోర్టులో అంకె మెరుగైనంత మాత్రాన మనిషి బతుకుతాడన్న హామీ లేదు. గుండెపోటు తర్వాత గుండె లయ తప్పకుండా ఆపే మందులు వాడితే మరణాలు తగ్గుతాయని ఒకప్పుడు వైద్యలోకం నమ్మింది. 1989లో కాస్ట్ అనే పెద్ద ట్రయల్‌లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తీసుకున్నవారిలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే ఎక్కువమంది చనిపోతున్నారని తేలి, ఆ మందులు ఆపేశారు. ఈసీజీ మాత్రం బాగుపడింది.

ఆ తర్వాత ప్రశ్నకు సంబంధించి ప్రపంచంలో ఎక్కడ జరిగిన పరిశోధననైనా ముందే ప్రకటించిన పద్ధతిలో వెతికి, నచ్చినవి ఏరుకోకుండా, అన్నింటినీ ఒకచోట చేర్చి సమీక్షిస్తారు. ఆ ఆధారాల బలాన్ని తూచడానికి 2000లో ఏర్పడిన గ్రేడ్ అనే అంతర్జాతీయ బృందం రూపొందించిన పద్ధతిని ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ అని ఆధారం మీద నమ్మకానికి నాలుగు స్థాయులు. లాటరీ పద్ధతిలో రోగులను రెండు జట్లుగా విడదీసి చేసిన ట్రయల్స్ పైస్థాయిలో మొదలవుతాయి, కేవలం గమనించి రాసుకున్న అధ్యయనాలు కిందిస్థాయిలో మొదలవుతాయి. ట్రయల్ నిర్వహణలో లోపాలున్నా, అధ్యయనాల ఫలితాలు ఒకదానికొకటి పొసగకున్నా, రోగుల సంఖ్య చాలకపోయినా, మనవాళ్లకు అన్వయించడానికి తగనివారి మీద చేసినా, నచ్చని ఫలితాలను ప్రచురించకుండా దాచారన్న అనుమానమున్నా స్థాయి దిగిపోతుంది.

మీ మేనమామగారి పది వయల్స్ సంగతి ఇక్కడ చూద్దాం. 2009 నాటి జాతీయ పాముకాటు ప్రోటోకాల్ మొదటి మోతాదుగా 8 నుంచి 10 వయల్స్ చెప్పడానికి ఉన్న ప్రధాన తర్కం ఒక లెక్క. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుంది. పది మిల్లీలీటర్ల విరుగుడు వయల్ ఒకటి దాదాపు 6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. భాగిస్తే పది, పదకొండు వస్తుంది. పిల్లలకు కూడా పెద్దల మోతాదే ఇవ్వమనడానికి కారణం ఇదే. పాము చిన్నపిల్లవాడని చూసి విషం తగ్గించదు కదా. ఇది తెలివైన లెక్కే అయినా ప్రయోగశాల నుంచి వచ్చిన లెక్క. మనుషుల్లో ఎక్కువ, తక్కువ మోతాదులను పోల్చిన ట్రయల్స్ వెల్లూరు వంటి చోట్ల జరిగాయి గానీ అవన్నీ చిన్నవి. నన్నడిగితే దీన్ని తక్కువ స్థాయి ఆధారమనే అంటాను. నిజాయతీ గల మార్గదర్శకం ఆ మాటను దాచకుండా రాస్తుంది. మోతాదు సిఫారసు చేయకుండా మాత్రం తప్పించుకోలేదు, ఎందుకంటే క్యాజువాలిటీలో మనిషి పడుకుని ఉన్నాడు.

ఆరు గంటలు ఆగమన్న మాట వెనుక ఇంతకంటే స్పష్టమైన శరీరధర్మం ఉంది. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను హరించివేస్తుంది. విరుగుడు రక్తంలోని విషాన్ని కట్టడి చేస్తుందే తప్ప ఖర్చైపోయిన ఆ ప్రొటీన్లను తిరిగి తేలేదు. వాటిని కాలేయమే మళ్లీ తయారుచేయాలి, దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అంతకుముందే పరీక్షిస్తే విషమంతా పోయినా రక్తం గడ్డకట్టనట్టే కనబడి, అక్కర్లేని విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది. ఆ విరుగుడు గుర్రాల రక్తంనుంచి తీసినది కనుక ప్రతి వయల్‌తోనూ ప్రాణాంతక రియాక్షన్ భయం ఉండనే ఉంటుంది. కాబట్టి అక్కడి వైద్యులు మీ మొర పెడచెవిన పెట్టారని అనుకోకండి, ఆగడమే అప్పుడు సరైన చికిత్స.

ఆ పరీక్ష ఎలా చేస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే మార్గదర్శకం ఎంత చిన్న వివరం దాకా వెళ్లాలో అది చూపిస్తుంది. శుభ్రమైన, పొడి, కొత్త గాజు టెస్ట్‌ట్యూబ్‌లో రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా జారితే విషం రక్తానికి పట్టినట్టు. దీనికి కరెంటు అక్కర్లేదు, ల్యాబ్ టెక్నీషియన్ కోసం ఆగక్కర్లేదు. కానీ ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుపొడితో కడిగి మళ్లీ వాడినదైనా, ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. 'కొత్త గాజు ట్యూబు' అన్న ఆ ఒక్క మాట రాయకపోతే, దాన్ని పీహెచ్‌సీ ఇండెంటులో చేర్చకపోతే, మిగతా పేజీలన్నీ వృథా.

ఆధారం ఎంత నాణ్యమైనదైనా నేరుగా సిఫారసు కాదు. మేలు, కీడు, ఖర్చు, రోగులు దేనికి విలువ ఇస్తారు, అందరికీ అందుతుందా, మన ఆసుపత్రుల్లో సాధ్యమా అన్నవన్నీ తూచాలి. 2011లో శ్రీలంకలో 1,007 మంది పాముకాటు రోగులపై జరిగిన ట్రయల్‌లో, విరుగుడుకు ముందు చర్మం కింద కొద్దిపాటి అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు గణనీయంగా తగ్గాయి. అదే ట్రయల్‌లో, రియాక్షన్ రాకుండా దశాబ్దాలుగా అలవాటుగా ఇస్తున్న హైడ్రోకార్టిసోన్, ప్రోమెథజీన్ ఏమంత ఉపయోగపడలేదు. శ్రీలంకలో వాడేది భారత్‌లో తయారైన విరుగుడే కనుక ఈ ఫలితం మనకు చాలా దగ్గరిది. అయినా బృందం ముందు ప్రశ్నలు మిగిలే ఉంటాయి. బీపీ బాగా ఎక్కువున్న వృద్ధులకు ఏం చేయాలి, మోతాదు పొరబడితే పర్యవేక్షించే మనిషి ఉన్నాడా అన్నవి ఆ ట్రయల్ ఒక్కటే తేల్చేవి కావు.

చోటు మారితే ఫలితం తారుమారయ్యే విషయానికి నాకు తెలిసిన అత్యంత బలమైన ఉదాహరణ నెలలు నిండని కాన్పులది. ముందస్తు కాన్పు కాబోయే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు చూపించారు. ధనిక దేశాల ఆసుపత్రుల్లో అనేక ట్రయల్స్ దాన్ని బలపరిచాయి. దాని ఆధారంగా 2014లో మన ఆరోగ్య శాఖ, పెద్దాసుపత్రికి పంపేముందు డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ మొదటి మోతాదును ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చని మార్గదర్శకం ఇచ్చింది. మన సబ్‌సెంటర్లలోని ఏఎన్ఎంలకు అది చాలా పెద్ద బాధ్యత. ఆ తర్వాత, భారత్ సహా ఆరు దేశాల పల్లె ప్రాంతాల్లో ఇటువంటి విధానాన్నే పరీక్షించిన పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. నవజాత శిశు మరణాలు మొత్తంమీద తగ్గకపోగా ప్రతి వెయ్యిమంది తల్లులకు 3.5 చొప్పున పెరిగాయి, తల్లులలో ఇన్ఫెక్షన్లు కూడా పెరిగాయి. నెలల లెక్క సరిగా తెలియక నిండు గర్భిణులకు కూడా ఇంజెక్షన్ పడటం ఇందుకు ఒక కారణం కావచ్చని భావించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో షరతులు పెట్టింది: గర్భం వయసు కచ్చితంగా తెలియాలి, ముందస్తు కాన్పు తప్పదని తేలాలి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు, బిడ్డను చూసుకునే ఏర్పాట్లు ఉండాలి. 2020లో, భారత్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో ఈ షరతులకు దగ్గరగా చేసిన మరో ట్రయల్‌లో అదే మందుతో శిశు మరణాలు స్పష్టంగా తగ్గాయి. మందు మారలేదు, ఇచ్చిన చోటు, తల్లుల ఎంపిక మారాయి. డెల్టా గురించి రాసినవారికి తెలుసా అన్న మీ ప్రశ్నను వైద్యులు ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇదంతా తూచాక సిఫారసును గట్టిదనో, షరతులతో కూడినదనో పేర్కొంటారు. గట్టి సిఫారసు అంటే తెలివిడి ఉన్న రోగులందరూ దాదాపు దాన్నే కోరుకుంటారని అర్థం. షరతులతో కూడినదైతే రోగితో మాట్లాడి నిర్ణయించాలి. వైద్యులను చట్టపరంగా నిలదీసేటప్పుడు ఈ తేడాను గమనించకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ముసాయిదాను బయటి సమీక్షకులకు పంపడం, ప్రజాభిప్రాయం కోరడం, ఆమోదం, ముద్రణ, శిక్షణ తర్వాతి దశలు. అన్నింటినీ మొదటినుంచీ తయారుచేయాల్సిన పని కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు, మన పరిస్థితికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఊపిరితిత్తులు కాక ఇతర అవయవాలకు వచ్చే క్షయపై 2016లో వెలువడిన ఇండెక్స్-టీబీ మార్గదర్శకాలు మన దేశంలో గ్రేడ్ పద్ధతిని శ్రద్ధగా పాటించిన వాటిలో ఒకటి. ఎలా రాయాలో నేర్చుకోదలచిన వైద్య విద్యార్థులకు నేను వాటినే చూపిస్తాను.

మళ్లీ మళ్లీ ఎందుకు మారుస్తారంటే ఆధారం మారుతుంది కనుక. మన ప్రాంతానికి బాగా తెలిసిన బోదకాలునే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్రలు ముందు డీఈసీ ఒక్కటే, తర్వాత ఆల్బెండజోల్ కలిసింది. ఐవర్‌మెక్టిన్‌ను కూడా చేర్చి మూడింటినీ కలిపి ఇస్తే రక్తంలోని సూక్ష్మ క్రిములు మరింత బాగా తొలగుతాయని పాపువా న్యూగినీలో తేలింది. భారత్ (కర్ణాటకలోని యాదగిరి) సహా ఐదు దేశాల్లో వేలమందిలో భద్రత పరిశీలించారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయగా, 2018 చివర బిహార్‌లోని అర్వల్ జిల్లాతో మన దేశంలో అమలు మొదలైంది. మార్పు ఆలస్యమైన సందర్భం క్షయది. రోజూ మందు వేసే విధానమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పినా, వారానికి మూడుసార్లు మింగించే పద్ధతి మన కార్యక్రమంలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్న 2017 దాకా సాగింది. అన్నేళ్లు ఆగాల్సింది కాదని నా గట్టి అభిప్రాయం.

ఇక మన డెల్టా సంగతి. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. విరుగుడు తయారీకి కావలసిన విషం చాలావరకు తమిళనాడులోని ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచే వస్తోంది. అక్కడి విషంతో చేసిన విరుగుడు కోనసీమ రక్తపింజరి మీద ఎంత పనిచేస్తుందో తేలాలంటే ఇక్కడి రోగుల వివరాలు కావాలి. కాటు సమయం, ఆసుపత్రి చేరిన సమయం, పాము ఏదో తెలిస్తే దాని పేరు, మొదటి ట్యూబ్ పరీక్ష ఫలితం, ఎక్కించిన వయల్స్, ఆరు గంటల తర్వాతి ఫలితం, రియాక్షన్, మూత్రపిండాల స్థితి అన్నీ కేసు షీటులో ఉండాలి. మన ఆసుపత్రుల కేసు షీట్లలో సగం చోట్ల 'పాముకాటు, ఏఎస్‌వీ ఇచ్చాం' అన్న ఒక్క వాక్యమే కనబడేది. 2024లో కేంద్రం పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించి, అదే ఏడాది చివర్లో పాముకాటును తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుల జాబితాలో చేర్చమని రాష్ట్రాలను కోరింది. మీ మేనమామగారి డిశ్చార్జి సమ్మరీలో నేను చెప్పిన వివరాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రక్తపింజరి కాటు కనుక కొన్ని వారాల తర్వాత మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించి, ఆ రిపోర్టును కూడా అదే ఫైలులో పెట్టించండి.